అరవకుండా వినబడే విద్య

ఆదివారం పూట ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల గుట్టలు లేస్తాయి. గుట్ట పక్కన నిలబడి ‘ఏదైనా యాభై, కోయీ భీ పచాస్’ అని పొద్దుటి నుంచి కేకేసే మనిషి గొంతు ఎప్పుడైనా చెవిపెట్టి విన్నారా? సన్నగా ఉంటుంది. కాస్త ముక్కుతో పలికినట్టుంటుంది. తియ్యటి గొంతు అని ఎవరూ అనరు. కానీ బస్సుల రొద దాటుకుని రోడ్డవతలికి చక్కగా వినబడుతుంది. ఆరితేరిన వాడైతే సాయంత్రం సరుకు మూట కట్టేటప్పటికి కూడా గొంతు పెద్దగా బొంగురుపోదు.

అక్కడి నుంచి ఆటోలో కాసేపటి దూరం నాంపల్లి. పబ్లిక్ గార్డెన్స్‌ని ఆనుకుని తెలుగు విశ్వవిద్యాలయం, అందులో ఎన్టీఆర్ కళామందిరం. ఏళ్ళ తరబడి సంగీతం నేర్చుకున్నవాళ్ళు అలాంటి వేదికల మీద మైకు ముందు కూర్చుని, మూడో పాటకే గొంతు సవరించుకుంటూ నీళ్ళసీసా కోసం పక్కకి చూడటం మనకు తెలిసిన దృశ్యమే. నేనూ ఆ బాపతే. ఒక బంధువుల పెళ్ళిలో వరసగా నాలుగు పాటలు లాగించి, తర్వాత మూడు రోజులు సైగలతో కాలక్షేపం చేశాను. చదువుకున్న గొంతు అలిసిపోతుంటే పేవ్‌మెంట్ గొంతు ఎలా నిలుస్తోందన్న అనుమానం నాకు అప్పుడే పట్టుకుంది.

జవాబు సగం మన చెవిలోనే ఉంది. చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న దారి సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఒక చివర మూసి ఉన్న గొట్టం అది. అంత పొడవు గొట్టం సెకనుకు మూడు వేల చిల్లర కంపనాలున్న ధ్వనికి బాగా స్పందిస్తుంది. అందుకే ఆ ప్రాంతపు ధ్వనులు కొంచెం శక్తితోనే మనకు గట్టిగా వినిపిస్తాయి. బస్సు ఇంజిన్ల రొదలో బలమంతా కింది స్థాయిల్లో ఉంటుంది, మూడు వేల దగ్గరికొచ్చేసరికి పలచబడుతుంది. కేకేసేవాడి గొంతు దూరేది ఆ కిటికీలోంచే. రొదతో కుస్తీ పట్టదు, రొద లేని చోట నిలబడుతుంది.

స్టాక్‌హోంలో యోహాన్ సుంద్‌బెర్యి అనే ధ్వనిశాస్త్రవేత్త 1970లలో ఒపెరా గాయకుల మీద ఇదే విషయం తేల్చాడు. మైకు లేకుండా పెద్ద వాద్యబృందం వెనక మోగుతుంటే ఒక్క మనిషి గొంతు హాలు చివరిదాకా ఎలా వెళ్తోంది? వాద్యబృందం ధ్వనిలో శక్తి సెకనుకు 500 కంపనాల దగ్గర శిఖరానికి చేరి ఆ పైన జారిపోతుంది. ఆ గాయకుల గొంతులో మాత్రం మూడు వేల దగ్గర ఇంకో శిఖరం లేస్తుంది. దాన్ని లేపేది ఊపిరి బలం కాదు. స్వరతంత్రుల పైన రెండు మూడు సెంటీమీటర్ల చిన్న ఇరుకు గది ఉంటుంది. దాని మూతి, పైనున్న గొంతు వెడల్పుతో పోలిస్తే బాగా సన్నగా ఉండాలి. అంతే. ఆకారం కుదిరితే ధ్వని తనంతట తానే పదునెక్కుతుంది.

మనకు దీనికి దగ్గరి ఉదాహరణ పద్యనాటకం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజాల వారసులు ఇదే పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో నాటకాలాడారు. మైకులు రాకముందు ఈ నటుల తాతలు ఆరుబయట, పెట్రోమాక్స్ దీపాల వెలుగులో, చివరి వరసలో తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్న రైతుదాకా పద్యం చేర్చేవాళ్ళు. పద్యం చివర రాగం సాగదీస్తే ‘వన్స్‌మోర్’ అని కేకలు, మళ్ళీ అదే పద్యం. పాత రికార్డుల్లో ఆ గొంతులు వినండి. చాలావాటిలో ఆబిడ్స్ కేకలో ఉన్న కోత వినబడుతుంది, దానికి సంగీతం తొడిగినట్టు. ఆ కోత కుదరక గొంతు చించుకున్నవాళ్ళూ ఆ కాలంలో తప్పకుండా ఉండి ఉంటారు. గ్రామఫోను రికార్డు మిగిలింది మాత్రం గొంతు మిగిలినవాళ్ళదే.

ఈ కోత ఇంట్లో పట్టుకోవచ్చు. చిన్నపిల్లలు ఒకరినొకరు వెక్కిరించుకునేటప్పుడు ‘న్యా న్యా’ అంటారు చూడండి, ఆ ధ్వనితో మొదలుపెట్టండి, మెల్లగా, నవ్వొచ్చేంత చిన్నగా. కంఠం బిగించకూడదు. ముక్కుదూలం దగ్గరో, పై పళ్ళ వెనకో సన్నటి అదురు తెలుస్తుంది. ఆ అదురు పోకుండా ‘న్యా’ని ‘ఆ’ చేసుకుంటూ రండి. మరీ ముక్కుపాట అయిపోతోందా అని అనుమానమొస్తే రెండు వేళ్ళతో ముక్కు మూసి అదే ఆకారం పాడండి. ధ్వని మారకపోతే సరిగ్గా ఉన్నట్టు. మారితే గాలి ముక్కులోకి కారుతోందన్నమాట. పేవ్‌మెంట్ గొంతు ముక్కుతో పలికినట్టు అనిపిస్తుందే గాని, చాలాసార్లు ముక్కుకి దాంతో సంబంధం ఉండదు.

ఇక అసలు తంత్రుల సంగతి. తంత్రులంటాం కాని వీణ తీగల్లాంటివి కావవి. శ్వాసనాళం మీద ఎదురెదురుగా ఉన్న రెండు మడతలు. ఆడవాళ్ళలో సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు, మగవాళ్ళలో రెండు, అంతకు కాస్త అటూ ఇటూ. లోపల కండరం, దాని మీద గట్టి పొర, అన్నిటికంటే పైన జున్నులా కదిలే పలచటి పొర. ఈ పొరల అమరికని జపాన్ వైద్యుడు మినోరు హిరానో 1970లలో వివరించాడు. పాడేటప్పుడు అలలు లేచేది ఆ జున్ను పొర మీదే. ఐదు శ్రుతిలో పాడే అమ్మాయి మధ్య షడ్జం పట్టి నిలిపితే ఆ మడతలు సెకనుకు 196 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. తార షడ్జానికి 392. ఒక్క నిమిషం నిలిపితే 23 వేలు దాటుతుంది. మెత్తగా తగిలితే ఎన్ని వేలైనా ఓర్చుకుంటాయి. బిగబట్టి కొట్టుకుంటే, కదిలే భాగానికి సరిగ్గా మధ్యలో, రెండు వైపులా చిన్న గట్టిపడ్డ బుడిపెలు లేస్తాయి. పార పట్టిన చేతికి కాయలు కాసినట్టే. వైద్యులు వీటినే నాడ్యూల్స్ అంటారు. గాయకులకంటే టీచర్లకి తక్కువేం రావు. ఎప్పుడూ అరుస్తూ ఆడుకునే పిల్లలకీ వస్తాయి. చాలామందిలో కత్తి పడనవసరం లేదు. మాట్లాడే తీరు, పాడే తీరు మారిస్తే కరుగుతాయి.

గొంతు బాగుంటే కోకిల కంఠం అంటాం. నాంపల్లి స్టేషన్ రోడ్డులో భారత కోకిల సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్ ఉంది, 1905లో వచ్చిన ఆమె కవితా సంపుటి పేరే ఆ ఇంటికీ. ఆ పక్కగా వెళ్ళినప్పుడల్లా నాకో కొంటె ఆలోచన వస్తుంది. కోకిలకి కంఠంలో స్వరతంత్రులు ఉండవు. పక్షుల ధ్వని పుట్టేది శ్వాసనాళం అడుగున, అది రెండుగా చీలే చోట. పైగా ‘కుహూ’ అని పాడేది మగ కోకిల. ఆడది ‘కిక్ కిక్’ అని గోల చేస్తుంది. గాయనిని కోకిల అని పొగడటంలో రెండు పొరపాట్లున్నాయన్నమాట. అయినా ఈ పొగడ్త మానమని నేను చెప్పను.

ఊపిరి దగ్గరికి వద్దాం. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. బలంగా ఊదితే బాగా వస్తుందనుకుంటారు. ఒక చిన్న పరీక్ష చేయండి. కొబ్బరిబోండాం బండి దగ్గర ఇచ్చే స్ట్రా ఒకటి దాచుకుని, ఇంటికొచ్చి గ్లాసు నీళ్ళలో ఆరేడు సెంటీమీటర్ల లోతుకి ముంచి, బుడగలు వచ్చేంత మాత్రం ఊదండి. మామూలు మాటకి మీ ఊపిరితిత్తులు పెట్టే ఒత్తిడి రమారమి అంతే. ఇంత తక్కువా అనిపిస్తుంది. గట్టిగా తార స్థాయి పట్టినప్పుడు అది నాలుగైదు రెట్లవుతుంది, అంతకు మించి అక్కర్లేదు.

ఇప్పుడు అదే స్ట్రాతో సాధన. కొసని రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే ముంచి, ‘ఊ’ అంటూ బుడగలు వస్తుండగానే కింది షడ్జం నుంచి పై షడ్జానికి జారి, మళ్ళీ దిగండి. బుగ్గలు ఉబ్బకూడదు, బుడగలు తెగకూడదు. ఐదు నిమిషాలు చాలు. అమెరికాలో ఇంగో టిట్జె అనే స్వరశాస్త్రవేత్త ఈ స్ట్రా పద్ధతికి బాగా ప్రచారం తెచ్చాడు. మూతి దగ్గర దారి సన్నబడితే వెనక్కి ఒత్తిడి నిలుస్తుంది. అది మడతలని కొంచెం ఎడంగా పట్టి ఉంచుతుంది, అందువల్ల దెబ్బ తగలకుండానే కంపిస్తాయి. స్ట్రా లేకపోతే పెదాలు మూసి ‘మ్’ అని పాడినా దాదాపు అదే పని జరుగుతుంది. పొద్దున్నే పెదాలు కలిపి శ్రుతిలో మకారం నిలపడం మన సాధనలో ఎప్పటి నుంచో ఉంది. కచేరికి పది నిమిషాల ముందు తెర వెనక ‘మ్’ అనుకుంటూ తిరిగే గాయకుణ్ణి చూసి నవ్వకండి.

త్యాగయ్య ‘శోభిల్లు సప్తస్వర’ కృతిలో నాదానికి నాభి, హృదయం, కంఠం, నాలుక, నాసిక అంటూ చోట్లు చెప్పాడు. స్వరశాస్త్రం చెప్పే వరసా దాదాపు ఇదే: గాలి తోసే చోటు, కంపించే చోటు, మలిచే చోటు. అయితే ‘నాభి నుంచి పాడు’ అన్న మాటని శిష్యులు పొట్ట బిగించమని అర్థం చేసుకుంటారు. బిగిస్తే దాని పైన మెడా బిగుస్తుంది. ఊపిరి తీసినప్పుడు నడుము చుట్టూ, వెనక వైపు కూడా, వెడల్పు కావాలి. పాడుతున్నంతసేపూ ఆ వెడల్పుని ఒక్కసారిగా కూలనీయకుండా ఆపుకోవడమే పని. పాతకాలపు గాయకులు పీకల్లోతు నీళ్ళలో నిలబడి సాధన చేశారని చెబుతారు కదా, అందులో అర్థముంది. నీటి ఒత్తిడి పొట్టనీ రొమ్మునీ లోపలికి నెడుతుంటే ప్రతి ఊపిరికీ కండరాలు ఎక్కువ శ్రమించాలి. ఊపిరి కండరాలకి అది కసరత్తు. హైదరాబాద్ ఫ్లాట్లలో బకెట్ స్నానం చేసేవాళ్ళు దీని గురించి బెంగపడనక్కర్లేదు, రోజూ చురుగ్గా నడిచినా ఊపిరికి మేలే.

తార స్థాయిలో అచ్చులు పెట్టే తిప్పలు మరొకటి. గురువులు దీన్ని చేసి చూపిస్తారే తప్ప విడమరిచి చెప్పడం నేను పెద్దగా వినలేదు. ఐదు శ్రుతిలో తార పంచమం సెకనుకు 587 కంపనాలు. ‘ఈ’, ‘ఊ’ అచ్చులకి నోటిలో సహజంగా మొదట మోగే స్థానం మూడు నాలుగు వందల దగ్గరే ఉంటుంది. అంటే పాడే స్వరం ఆ గదికంటే ఎత్తున ఉంది, గది సాయం చేయదు. సాయం లేని చోట గాయని గొంతు నులుముతుంది. చేయాల్సింది దవడ వదలడం. నోరు ఇంకొంచెం తెరిస్తే గది మోగే స్థానం పైకి జరుగుతుంది. ‘ఈ’ కాస్త ‘ఏ’ వైపు, ‘ఊ’ కాస్త ‘ఓ’ వైపు మొగ్గుతాయి, వినేవాళ్ళకి మాట అర్థమవుతూనే ఉంటుంది. సాహిత్యం చెడిందని వాదించే పెద్దలున్నారు. వాళ్ళతో నాకు గొడవ లేదు గాని, పిసికిన ‘ఈ’ కన్నా తెరిచిన ‘ఈ’ నయమని నా అభిప్రాయం.

అంతకంటే పెద్ద తప్పు శ్రుతి ఎంచుకోవడంలో జరుగుతోంది. సినిమా పాటని రికార్డులో ఉన్న శ్రుతిలోనే పాడి తీరాలన్న పట్టుదల, ముఖ్యంగా టీవీ పోటీలకి తయారయ్యే పిల్లల ఇళ్ళలో. ఆ పాట ఆ గాయకుడి గొంతుకి కొలిచి కుట్టిన చొక్కా. మీ పిల్లవాడికి సరిపోవాలని రూలేం లేదు. మగపిల్లలకి పన్నెండు నుంచి పదిహేనేళ్ళ మధ్య గొంతు మారేటప్పుడు స్వరతంత్రులే పొడవు పెరుగుతాయి. ఆ రోజుల్లో పాత శ్రుతిని పట్టుకు వేళ్ళాడితే పాడయ్యేది గొంతే. మంద్రంలో రెండు స్వరాలు, తారంలో రెండు స్వరాలు శ్రమ లేకుండా మిగిలేలా శ్రుతి పెట్టుకోవాలి. ఒకటిన్నరలో హాయిగా పాడేవాడు రెండున్నర పెట్టుకుంటే ఎవరూ బహుమతి ఇవ్వరు.

పాట కంటే మాట ఎక్కువ చెరుపుతుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ జరుగుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన సంత అది. చలిరాత్రి, దుమ్ము, జెయింట్ వీల్ దగ్గర కేరింతలు, తప్పిపోయిన పిల్లల గురించి లౌడ్‌స్పీకర్లో ప్రకటనలు. అందులో రెండు గంటలు స్నేహితులతో తిరిగి రండి. ఒక్క పాటైనా పాడకుండానే మర్నాడు గొంతు గరగరమంటుంది. చుట్టూ రొద పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎత్యెన్ లొంబార్ 1911లో ప్రకటించాడు. తెలియకుండానే అన్నదే ఇక్కడ అసలు మాట. కచేరి రేపు ఉంటే ఇవాళ నుమాయిష్‌కి వెళ్ళొద్దనను. వెళ్ళి, బజ్జీలు తిని, తక్కువ మాట్లాడి రండి. పక్కమనిషి చెవి దగ్గరికి వంగి మాట్లాడితే సగం శ్రమ తగ్గుతుంది.

వేదిక మీదా ఇదే ఉచ్చు. తబలా, కీబోర్డు పక్కనే హోరెత్తుతుంటే, తన గొంతు తనకు వినపడని గాయకుడు తోసుకుంటూ పోతాడు. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఖవ్వాలీ విన్నవాళ్ళు గమనించే ఉంటారు, ఖవ్వాలులు తారంలో పాడేటప్పుడు ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటారు. చూపరులకి అది అభినయంలా కనిపిస్తుంది గాని, నోటి నుంచి బయటికి పోయే ధ్వనిని చెవికి మళ్ళించే డొప్ప అది. తన గొంతు తనకు స్పష్టంగా వినబడితే తోయడం మానేస్తాడు. మైకు వాడేవాళ్ళు మాత్రం పక్కవాద్యాల కంటే ముందు తమ వైపు తిప్పిన మానిటర్ స్పీకర్ సంగతి అడగాలి. పెళ్ళి మండపాల్లో మొహమాటపడి అడగరు. 1930లలో ఆబిడ్స్ చిరాగ్ అలీ లేన్ నుంచి దక్కన్ రేడియో మాట్లాడటం మొదలుపెట్టిన నాటినుంచీ ఈ ఊళ్ళో మైకు ఉంది. ఆ తర్వాత ఆకాశవాణి లలిత సంగీతం, చెవిలో చెప్పినంత మెత్తగా పాడినా లక్షలమందికి చేరుతుందని చూపించింది. మైకు చేతిలో పెట్టుకుని కూడా అరిచేవాళ్ళని చూస్తే గొడుగు వేసుకుని తడిసేవాళ్ళు గుర్తొస్తారు.

తిండి, మందుల గురించి నాలుగు ముక్కలు. మనం మింగినదేదీ స్వరతంత్రులని తాకదు. తాకితే పొలమారుతుంది. మృగశిర కార్తెకి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో మింగే చేపప్రసాదమైనా పోయేది అన్నవాహికలోకే. మిరియాల పాలు, బుగ్గన కరక్కాయ, పటికబెల్లం, అతిమధురం — ఇవన్నీ నోట్లో లాలాజలం ఊరించి, మింగుడు పడేలా చేసి హాయినిస్తాయి, అది తక్కువేం కాదు. అతిమధురం మాత్రం రోజూ ఎక్కువగా నమిలితే రక్తపోటు పెరుగుతుంది. నీళ్ళు కూడా రక్తంలో కలిసి, చుట్టు తిరిగి రావలసిందే. కాబట్టి వేదిక మీద గుటక కంటే పొద్దుటి నుంచి తాగిన నీళ్ళు ముఖ్యం. నేరుగా తంత్రులదాకా వెళ్ళేది ఆవిరి ఒక్కటే. వేడి గిన్నె ఒళ్ళో పెట్టుకోకుండా పట్టండి. జలుబు మాత్రల్లో కొన్ని గొంతుని ఎండబెడతాయి. నొప్పి తెలియనీయని చప్పరింపు బిళ్ళలు వేసుకుని పాడటం, కాలు మొద్దుబారాక పరిగెత్తడం లాంటిది. ఇక రంజాన్ నెలలో అర్ధరాత్రి హలీం తిని వెంటనే పడుకుంటే కడుపులో ఆమ్లం పైకెక్కి స్వరపేటిక వెనక భాగాన్ని రేపుతుంది, పొద్దున గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుంటుంది. హలీం మానమంటే ఈ ఊళ్ళో ఎవరూ వినరు. తినడానికీ పడుకోవడానికీ మధ్య రెండు మూడు గంటలుంటే చాలు. సిగరెట్టూ గుట్కా గురించి గాయకులకి కొత్తగా చెప్పేదేముంది.

జలుబుతో పోయిన గొంతు వారం పది రోజుల్లో తిరిగొస్తుంది. ఆ రోజుల్లో ‘ఖ్ఖ్’ మని సవరించుకోవడం మడతలని చెంపదెబ్బ కొట్టడమే. బదులు ఒక గుటక నీళ్ళు మింగండి. గుసగుసలాడటం విశ్రాంతి అనుకుంటారు, చాలామంది గుసగుసకి గొంతు ఇంకా బిగిస్తారు. తక్కువగా, మెత్తగా, మామూలు గొంతుతో మాట్లాడటం మేలు. పాడుతుండగా ఉన్నట్టుండి గొంతు తెగిపోతే ఆ క్షణమే ఆపాలి. మడతలో రక్తనాళం చిట్లి ఉండొచ్చు, దాని మీద పాడితే మచ్చ పడుతుంది. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే ఎవరి సలహాలూ వద్దు, ఆబిడ్స్ పక్కనే కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. నాలుక పట్టుకుని ‘ఈ’ అనమంటారు. వాంతి వచ్చేట్టు అనిపిస్తుంది, రెండు నిమిషాల పని.

అలా తొంగి చూసే విద్యని గట్టిగా నిలబెట్టింది డాక్టరు కాదు, పాటల మాస్టారు. మాన్యుయెల్ గార్సియా అనే స్పెయిన్ గాయకుడు 1854లో పారిస్‌లో దంతవైద్యుల చిన్న అద్దం గొంతులో పెట్టుకుని, చేతి అద్దంతో ఎండని దాని మీదికి మళ్ళించి, తన స్వరతంత్రులు తెరుచుకోవడం మూసుకోవడం తనే చూసుకున్నాడు. మరుసటి ఏడాది లండన్‌లోని రాయల్ సొసైటీకి ఆ సంగతి నివేదించాడు. నూటొక్కేళ్ళు బతికాడు. ఆ అద్దానికి పదమూడేళ్ళ ముందు, 1841లో, గొంతు పాడుచేసుకుని ఆయన దగ్గరికొచ్చిన ఇరవై ఏళ్ళ స్వీడన్ అమ్మాయి జెన్నీ లిండ్. వాళ్ళ దేశానికి ఆమే కోకిల. కొన్ని వారాలు పాడవద్దు, మాట్లాడటమూ వీలైనంత తగ్గించు అన్నాడు. ఆ గడువు తీరి తిరిగొచ్చాక ఆమె చేత పాటలు పాడించలేదు. స్వరాలని ఆరోహణ అవరోహణలతో, మొదటి నుంచి, చాలా నిదానంగా పాడించాడు. అప్పటికే పేరున్న గాయనికి ఆయన సరళీ స్వరాల లాంటివే మళ్ళీ మొదలుపెట్టించాడన్నమాట.